తీరిక లేని ఇంట ఆహారశుద్ధి

ఛాందోగ్యోపనిషత్తు ఏడవ అధ్యాయంలో నారదమహర్షి శోకంతో సనత్కుమారుని ఆశ్రయిస్తాడు. నాలుగు వేదాలు మొదలుకొని తాను నేర్చిన విద్యలన్నిటినీ ఏకరువు పెట్టి, ఇన్ని చదివినా దుఃఖం దాటలేకపోయానని విన్నవించుకుంటాడు. సనత్కుమారుడు మెట్టు మెట్టుగా భూమావిద్యను బోధించి, చివరకు ఒక చిన్న మాట చెబుతాడు. ఆహారం శుద్ధమైతే అంతఃకరణం శుద్ధమవుతుందనీ, అంతఃకరణం శుద్ధమైతే స్మృతి నిశ్చలమవుతుందనీ, అట్టి స్మృతి కలిగినవానికి హృదయగ్రంథులన్నీ విడిపోతాయనీ దాని సారం. అంతటి మహావిద్యకు ముగింపులో ఆహారప్రసక్తి రావడం ఆలోచించదగిన విషయం.

ఈ ఘట్టాన్ని ప్రవచనాలలో నేను అనేక పర్యాయాలు చెప్పాను. సభ ముగిశాక ఎవరో ఒకరు దగ్గరకు వచ్చి, "పంతులుగారూ, తెల్లవారి ఏడింటికి ఇల్లు వదిలి రాత్రి ఎనిమిదింటికి చేరేవాళ్లం. మాకు ఇది ఎలా కుదురుతుంది?" అని అడిగేవారు. "శ్రద్ధ ఉంటే అన్నీ కుదురుతాయి నాయనా" అని చెప్పి పంపేవాణ్ణి. ఆ జవాబు చాలదని చాలాకాలానికి, మా ఇంట్లోనే తెలుసుకున్నాను. తెలుసుకున్నదాన్ని భక్తమహాశయులకు నివేదించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

శాస్త్రం ఏమంటున్నది?

పై శ్రుతివాక్యంలోని ఆహారశబ్దానికి ఆచార్యులు రెండు విధాలుగా అర్థం చెప్పారు. శంకరభగవత్పాదుల భాష్యంలో ఆహారమంటే ఇంద్రియాల ద్వారా మనం లోపలికి గ్రహించే శబ్దాది విషయాల జ్ఞానం. చూసేది, వినేది కూడా ఆహారమే. భగవద్రామానుజులు దానిని భుజించే అన్నంగానే గ్రహించారు. శ్రీభాష్యారంభంలో పూర్వాచార్యుల మాటను ఉదహరిస్తూ, అన్నానికి మూడు దోషాలు చెప్పారు. పదార్థం స్వభావంచేతనే తగనిదైతే అది జాతిదోషం. ఎవరినుండి వచ్చిందో ఆ మూలం చెడ్డదైతే ఆశ్రయదోషం. మంచి పదార్థంలో వెంట్రుక వంటిది వచ్చి పడితే నిమిత్తదోషం.

నేడు అంగడిలో దొరికే ఆహారంలో కలిసే రంగులు, కృత్రిమమైన సువాసనలు, రుచిని పెంచే పొడులు ఈ మూడింటిలో ఏ కోవకు చెందుతాయి? పూర్వగ్రంథాలలో వీటి ప్రస్తావన ఉండదు కనుక ఊహించి చెప్పవలసిందే. నా బుద్ధికి ఇవి నిమిత్తదోషానికి సమీపమని తోస్తున్నది. పదార్థం మంచిదే, వెలుపలినుండి ఒకటి వచ్చి చేరింది. అయితే ఒక భేదం ఉన్నది. వెంట్రుక పొరపాటున పడుతుంది, కనబడగానే తీసివేస్తాం. ఇవి తెలిసి వేసేవి, కనబడనివి.

నిల్వ దోషమా?

గీత పదిహేడవ అధ్యాయంలో తామసాహార లక్షణాలు చెబుతూ భగవానుడు మొదట పేర్కొన్నది యాతయామం. యామమంటే మూడు గంటలు. యామం గడిచినది యాతయామమని స్థూలార్థం. శంకరులు దానిని సరిగా ఉడకని అన్నంగా వ్యాఖ్యానించారు. సారం పోయినదాన్ని గతరసమనే తరువాతి పదమే చెబుతున్నది కనుక పునరుక్తి రాకుండా అలా గ్రహించారు. రామానుజులు చాలాసేపు నిల్వ ఉన్నదని అర్థం చెప్పారు. ఈ రెండవ అర్థాన్ని పట్టుకొని, నిల్వ ఉన్నదంతా తామసమేనని గట్టిగా చెప్పేవారున్నారు. నేనూ ఒకప్పుడు ఆ కోవలోనివాణ్ణే.

కాని ధర్మశాస్త్రం అంత కఠినంగా లేదు. మనుస్మృతి అయిదవ అధ్యాయమూ, యాజ్ఞవల్క్యస్మృతి ఆచారాధ్యాయమూ రాత్రి గడిచిన అన్నాన్ని నిషేధించి, వెంటనే మినహాయింపులు చెబుతాయి. నేతితోగాని నూనెతోగాని చేసినది నిల్వ ఉన్నా తినవచ్చు. యవలు, గోధుమలు, పాలు, వీటితో చేసినవాటికి ఆ జిడ్డు లేకపోయినా దోషం లేదు. పులిసినవాటిని నిషేధించిన మనువు పెరుగునూ, పెరుగునుండి పుట్టినవాటినీ తినవచ్చునన్నాడు. అంటే స్మృతికర్తలకు కూడా తీరికలేని గృహస్థు తెలుసు. ప్రయాణికుడు తెలుసు.

మన పూర్వులు ఏడాదికి సరిపడా ఆవకాయ పెట్టుకున్నారు. వడియాలు, అప్పడాలు, ఒరుగులు ఎండబెట్టుకున్నారు. నిల్వకు వారు వాడినవి ఉప్పు, నూనె, ఆవపిండి, పసుపు, చింతపండు, ఎండ. అన్నీ వంటింటికి తెలిసినవే. కుచేలుడు ద్వారకకు కొంగున కట్టుకొని వెళ్లిన అటుకులు కూడా నిల్వ పదార్థమే. పరమాత్మ వాటిని ఆప్యాయంగా ఆరగించాడు.

ఇక్కడే ఒక పదాన్ని గమనించాలి. సాత్త్వికాహార లక్షణాలలో భగవానుడు స్థిరమనే మాట వాడాడు. దేహంలో చాలాకాలం నిలిచి బలమిచ్చేది స్థిరమని శంకరులు వివరించారు. అంగడి అలమరలో చాలాకాలం నిలిచేదని కాదు. నేటి పొట్లాలలో అధికభాగం అంగడిలో ఆరునెలలు నిలుస్తాయి, కడుపులో గంటసేపు నిలవవు. తిన్న కాసేపటికే మళ్లీ ఆకలి, మళ్లీ ఇంకొక పొట్లం. కనుక నిల్వ దోషమా అన్న ప్రశ్నకు నా సమాధానం ఇది: ఏది నిలుస్తున్నదో కాదు, ఎక్కడ నిలుస్తున్నదో, దేనివల్ల నిలుస్తున్నదో చూడాలి.

మా ఇంట జరిగినది

కొన్ని సంవత్సరాల క్రితం కార్తికమాసంలో ఒక ఆలయంలో ఆహారశుద్ధిని గురించి గంటన్నర ప్రసంగించి రాత్రి ఇంటికి వచ్చాను. కోడలు ఉప్మా వడ్డించింది. రుచి కొత్తగా ఉన్నదని అడిగాను. వేడినీళ్లు పోస్తే అయిపోయే పొట్లం తెచ్చానన్నది. పళ్లెం పక్కకు నెట్టి, నాలుగు మాటలు అన్నాను. అనకూడని మాటలవి.

ఆమె కంట తడి పెట్టలేదు, ఎదురాడలేదు. "మామయ్యగారూ, మీరు చెప్పేది తప్పని నేననను. తెల్లవారుజామున అయిదింటికి లేస్తున్నాను, రాత్రి ఎనిమిదింటికి వస్తున్నాను. శుద్ధి ఇంట్లో అందరికీ కావాలి, చేతులు మాత్రం నావే ఉన్నాయి. ఎవరు వండాలో కూడా శాస్త్రంలో ఉందా?" అన్నది.

మరునాడు ఆమెకు సమాధానం వెదకడానికే శ్రీభాష్యం తెరిచాను. అన్నం వల్ల కలిగే కాయశుద్ధికి అక్కడ వివేకమని పేరు. భక్తిసాధనాలు ఏడింటిలో అది మొదటిది. వివేకం, విమోకం, అభ్యాసం, క్రియ, కల్యాణం, అనవసాదం, అనుద్ధర్షం. కల్యాణమంటే సత్యం, ఋజుత్వం, దయ, దానం, అహింస మొదలైనవి. అనవసాదమంటే దేశకాలాలు అనుకూలించనందువల్ల, దుఃఖహేతువుల స్మరణవల్ల మనస్సు క్రుంగిపోకుండా ఉండడం. ఈ జాబితా నాకు యౌవనం నుండి కంఠస్థం. మొదటిది పట్టుకొని, అయిదవదీ ఆరవదీ ఇంటి గడపలోనే విడిచానని ఆనాడు తెలిసింది. ఒకరిని క్రుంగదీసి సంపాదించిన ఆహారశుద్ధి ఆ ఆచార్యుల లెక్కలో శుద్ధి ఎలా అవుతుంది?

ఇంకొక సంగతి. ఆలయంలో స్వామికి వండే పోటులో వంట చేసేది పురుషులే. నలపాకం, భీమపాకం అని మనం మెచ్చుకునేది పురుషుల వంటనే. నా ధర్మపత్ని జీవించి ఉన్నంతకాలం పోపులపెట్టె ఏ అరలో ఉంటుందో నాకు తెలియదు. పదవీవిరమణ చేసి పగలంతా ఖాళీగా కూర్చున్నవాణ్ణి, నేనే ఆ ఇంట్లో అందరికంటే తీరికగలవాణ్ణి. అప్పటినుండి పప్పు నానవేయడం, కూరలు తరగడం, మజ్జిగ చిలకడం నా పనులయ్యాయి. ఆదివారం మా అబ్బాయి పొడులు కొట్టే పని తీసుకున్నాడు. మొదటి నెలలో ఉప్పు రెండుసార్లు వేసిన రోజులున్నాయి. కోడలు నవ్వుతూ తిన్నది.

పొట్లం మీది అక్షరాలు

పొట్లాలను పూర్తిగా మానడం నేటి గృహస్థులందరికీ సాధ్యం కాదు. అయితే కొనేముందు చదవవచ్చు. మన దేశంలో 2006 నాటి ఆహార భద్రతా ప్రమాణాల చట్టం కింద వచ్చిన నియమాల ప్రకారం పొట్లం మీద అందులోని పదార్థాలన్నీ ముద్రించాలి. ఏది తూకంలో ఎక్కువో అది ముందు రావాలి. పండ్లరసమని పెద్ద అక్షరాలతో వ్రాసి, వెనుక మొదట నీరు, తరువాత చక్కెర, ఎక్కడో పండు ఉంటే అది ఏ రసమో మనకు తెలిసిపోతుంది.

కలిపిన రసాయనాలకు తరచు సంఖ్యలు ఉంటాయి. 211 సోడియం బెంజోయేట్, చెడిపోకుండా వేసేది. 102 టార్ట్రజిన్ అనే పసుపురంగు. 621 రుచిని పెంచే మోనోసోడియం గ్లుటమేట్. 330 సిట్రిక్ ఆమ్లం, నిమ్మపండులో సహజంగానే ఉండేది. కనుక సంఖ్య కనబడగానే విషమని బెదరడం సరికాదు, ఇవన్నీ చట్టం పరిమితులకు లోబడి అనుమతించినవే. కాని మన వంటింట్లో లేని పేర్లు ఎంత ఎక్కువైతే ఆ పదార్థం మన వంటకు అంత దూరమైనదని గ్రహించాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన 17 ఆహారసూత్రాలలో అతిగా ప్రాసెస్ చేసిన పదార్థాలను తగ్గించమనీ, పొట్లం మీది వివరాలు చదివి కొనమనీ కూడా ఉన్నది. నేను భూతద్దం పెట్టుకొని చదువుతాను. కళ్లు బాగున్నవారికి అదీ అక్కరలేదు.

ఆచరణ

మా ఇంట కుదిరిన క్రమాన్ని చెబుతాను. ఎవరి వీలునుబట్టి వారు మార్చుకోవచ్చు.

ఆదివారం ఉదయం బొంబాయిరవ్వను దోరగా వేయించి, ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, తడిలేని కరివేపాకుతో పోపు పెట్టి, చల్లారాక డబ్బాలో పోసుకుంటాం. కావలసినప్పుడు మరిగే నీళ్లు, ఉప్పు చేర్చి పొయ్యి మీద ఉడికిస్తే పది నిమిషాలలో ఉప్మా. నేను నెట్టివేసిన పొట్లంలోని ఉపాయమే ఇది. ఇందులో ఏమున్నదో మాకు తెలుసు, అంతే భేదం.

చింతపండు గుజ్జును నువ్వులనూనెలో పసుపు, ఉప్పు, మెంతిపొడితో నూనె తేలేవరకు ఉడికించి గాజుసీసాలో పెట్టుకుంటే రెండు వారాలపాటు పులిహోరకు పనికివస్తుంది. కందిపొడి, నువ్వులపొడి, కరివేపాకుపొడి ఒక్క పూటలో అవుతాయి. మినప్పప్పు ఒక పాలు, ఇడ్లీరవ్వ రెండు పాళ్లు కలిపిన పిండి పులిశాక ఫ్రిజ్జులో మూడునాలుగు రోజులు ఉంటుంది. అన్నం, పప్పు ఒకే కుక్కరులో రెండు గిన్నెలలో పెడితే అరగంటలో భోజనం. ఏదీ కుదరని నాడు పెరుగులో నానిన అటుకులు, ఒక అరటిపండు. గోపబాలురతో కలిసి కృష్ణుడు చల్దులారగించడాన్ని పోతనగారు ఎంత ముచ్చటగా వర్ణించారో తెలిసినవారికి, పెరుగుతో కలిసిన చద్ది తక్కువదనిపించదు. ఒక్క హెచ్చరిక. ఊరగాయలు, పొడులు, అప్పడాలలో ఉప్పు ఎక్కువ. రోజుకు మనిషికి 5 గ్రాములు దాటకూడదని వైద్యశాస్త్రం చెబుతున్నది, అదీ గుర్తుంచుకోవాలి.

యాత్రలో, సమర్పణలో

క్షేత్రయాత్రకు బయలుదేరేవారు పులిహోర, గోధుమరొట్టెలు, వేయించిన వేరుసెనగలు, బెల్లం వెంట ఉంచుకుంటే దారిలో రంగుపొట్లాల అవసరం రాదు. స్వామికి సమర్పించేందుకు తెచ్చేవారు ఏమున్నదో తెలియని తీపిపొట్లాల కంటే కొబ్బరికాయ, అరటిపండ్లు, పటికబెల్లం తేవడం మేలు. అన్నదానానికి బెల్లం ఇచ్చే దాతలు మిలమిల మెరిసే పచ్చని బెల్లానికి ఆశపడవద్దు. రంగు తేలడానికి హైడ్రోస్ అనే రసాయనం వేసే అలవాటు ఉన్నది. ముదురురంగు బెల్లమే నయం.

దేనినైనా నోట పెట్టుకునేముందు, దీనిని స్వామికి నివేదించగలనా అని ఒక్కసారి అడుగుకొనండి. అడిగిన తరువాత ఇంకొక ప్రశ్న కూడా వేసుకొనండి. దీనిని వండినవారు అలసిపోయి ఉన్నారా, నేను చేయగలిగినది ఏమైనా మిగిలి ఉన్నదా? మొదటి ప్రశ్న నేను యాభై ఏళ్లు బోధించాను. రెండవది మా కోడలు నేర్పింది.

శుభం భూయాత్.