పోటీ పరీక్షల ప్రత్యేకం: మెదడు–అవయవాల పరస్పర ప్రభావం, ఉద్దానం నేపథ్యం

మెదడు బరువు శరీరంలో సుమారు 2 శాతం. వాడే ఆక్సిజన్ సుమారు 20 శాతం. అందుకే ముఖ్య అవయవాలు దెబ్బతింటే ఆ ప్రభావం మెదడుపైనా పడవచ్చు.

ఉద్దానం: శ్రీకాకుళం జిల్లా. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాలు. ఇక్కడ ఎక్కువగా కనిపించే దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధికి కచ్చితమైన కారణం ఇంకా తేలలేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభం: 2023 డిసెంబరు 14. తాగునీటి పథకానికి నీరు హిరమండలం రిజర్వాయరు (వంశధార) నుంచి. జిల్లా ప్రశ్నల్లో ఇది తప్పక చదవాలి.

కిడ్నీ–మెదడు: వ్యర్థాలు రక్తంలో పేరుకుంటే యురీమిక్ ఎన్‌సెఫలోపతి. మగత, తికమక, ఫిట్స్. చేతులు ముందుకు చాచి మణికట్టు పైకెత్తమంటే అరచేతులు ఉండుండి జారిపడతాయి, ఇదే ఆస్టెరిక్సిస్. కాలేయ వైఫల్యంలోనూ కనిపిస్తుంది, అక్కడ ముఖ్య కారకం అమ్మోనియా. కిడ్నీ, కాలేయ వైఫల్యాల ఈ పోలిక అడిగే అవకాశం ఎక్కువ. ఇంట్లో డయాలసిస్ రోగి ఉంటే, కొత్తగా మగత కనిపించగానే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మార్కులకన్నా అది ముఖ్యం.

మెదడు–గుండె: మెదడులో రక్తస్రావంతో టాకోట్సుబో (గుండె కండరం తాత్కాలికంగా బలహీనపడడం) రావచ్చు, తొలి వర్ణన జపాన్, 1990. మెదడును గుండెతో కలిపే వేగస్: 10వ కపాల నాడి.

మెదడు మరణం: మానవ అవయవాల మార్పిడి చట్టం, 1994. నిర్ధారించేది నలుగురు వైద్యుల బృందం. పరీక్షలు రెండుసార్లు, కనీసం 6 గంటల తేడాతో.

ప్రపంచ కిడ్నీ దినం: మార్చి రెండో గురువారం. ప్రపంచ సెప్సిస్ (ఇన్ఫెక్షన్‌కు శరీరం అదుపు తప్పి స్పందించి అవయవాలు దెబ్బతినడం) దినం: సెప్టెంబరు 13.