నిధి ఎవరిది? నిర్ణయం ఎవరిది?

దాత చేతి నుంచి వచ్చిన ప్రతి రూపాయీ అమానత్. అది ఎంత పోగైందన్నది ఒక లెక్క. దాన్ని ఎక్కడ ఖర్చు చేయాలో ఎవరు నిర్ణయిస్తున్నారన్నది అంతకన్నా పెద్ద లెక్క. ఈ రెండో లెక్క తప్పితే ఏమవుతుందో చెప్పే ఒక పాఠాన్ని చరిత్ర నుంచి మీ ముందు ఉంచుతున్నాము.

1907లో మలయాలోని బ్రిటిష్ ప్రభుత్వం తోట కూలీల కోసం చట్టం చేసి ఒక నిధిని ఏర్పాటు చేసింది. దాని మొదటి పేరు తమిళ వలస నిధి. కానీ మన విశాఖ, గోదావరి జిల్లాల నుంచి రబ్బరు, కొబ్బరి తోటలకు వెళ్లిన తెలుగువారూ దాని కిందికే వచ్చారు. తర్వాత అది భారతీయ వలస నిధి అయింది. కూలీలు పనిచేసిన రోజుల లెక్కన యజమానులు దానికి చందా కట్టాలి.

మేలు జరగలేదని అనలేము. ఓడ ఖర్చు నిధి భరించడంతో కూలీ ప్రయాణపు అప్పు లేకుండా దిగాడు. పనిచేయలేని వృద్ధులకు ఆశ్రయమూ దొరికింది. అయితే నిధిని నడిపిన కమిటీలో అధికారులూ తోటల యజమానులే పెద్దలు; కూలీకి అందులో మాట లేదు. అందుకే డబ్బులో ఎక్కువ భాగం కొత్త కూలీలను తెప్పించడానికే పోయింది. 1930 మాంద్యంలో కూలి తగ్గింది. పనిపోయిన వేలాదిమందిని అదే నిధి ఖర్చుతో ఓడెక్కించి వెనక్కి పంపారు. కూలీ పేరిట పెట్టిన నిధి తోటల అవసరాన్ని బట్టి నడిచింది.

ఇప్పుడు మన పటాన్‌చెరు వైపు చూద్దాం. ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చిన కార్మికులతోనే ఇక్కడి కర్మాగారాలు నడుస్తున్నాయి. 2025 జూన్ 30న పాశమైలారం పేలుడులో ప్రాణాలు పోయినవారిలో ఎందరో ఇలా వచ్చినవారే. అలాంటి ఇంటికి ముందు కావలసింది శవాన్ని ఊరికి చేర్చే ఖర్చా, పిల్లల ఫీజా, పరిహారం కాగితాలు నింపే మనిషా? దూరంగా కూర్చున్న మనకు తెలియదు. ఆ ఇంటివారికే తెలుసు.

కాబట్టి దాతలను మేము కోరేది మూడు మాటలు. సహాయ నిధి కమిటీలో కార్మికుడికీ వితంతువుకూ చోటివ్వండి. లెక్కలు వారికి తెలిసిన భాషలో చదివి వినిపించమనండి. ఎంత ఇచ్చామని అడిగే ముందు, ఎవరిని అడిగి ఇచ్చామని అడగండి.

అల్లాహ్ మన సదఖాలను స్వీకరించి, అమానత్‌ను కాపాడే శక్తినివ్వాలని దుఆ చేస్తున్నాము.