హక్కుకు నిలువ నీడ

వితంతువులు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చని చట్టం వచ్చింది 1856లో. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. మధ్యలో పాతికేళ్ళు ఇక్కడ ఆ హక్కు కాగితం దాటి రాలేదు. పెళ్ళికి సిద్ధపడిన పిల్లకు తలదాచుకునే ఇల్లు లేదు. చేసుకున్నవాడికి వెలి తప్పదు. వీరేశలింగం తన ఇంట చోటిచ్చారు. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య డబ్బిచ్చి ఆదుకున్నారు. విద్యార్థులు అండగా నిలిచారు, పోలీసు బందోబస్తూ కావలసి వచ్చింది. ఇంతమంది పూనుకుంటే తప్ప చట్టం ఒక్క ఆడపిల్లకు అక్కరకు రాలేదు. స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్‌జెండర్ల విషయంలో మనం ఇవాళ సరిగ్గా అక్కడే ఉన్నాం. తీర్పులున్నాయి. ఆ తీర్పులను చేత పట్టుకున్న మనిషి రాత్రికి ఎక్కడ పడుకోవాలన్నదే తేలలేదు.

చట్టం ఎంతవరకు వచ్చిందో ముందు చూద్దాం. ట్రాన్స్‌జెండర్లకు సమానత్వం, గౌరవంగా బతికే హక్కు ఉన్నాయని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న నల్సా కేసులో చెప్పింది. ఇద్దరు మేజర్లు ఇష్టపూర్వకంగా కలిసి ఉండటం నేరం కాదని 2018 సెప్టెంబరు 6న నవతేజ్ సింగ్ జోహార్ కేసులో తేల్చింది. స్వలింగ వివాహానికి చట్టబద్ధత ఇవ్వలేమని 2023 అక్టోబరు 17న చెప్పిన మాట కూడా నిజమే. అంటే పెళ్ళి సర్టిఫికెట్ రాదు. కలిసి బతకడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఈ రెండింటికీ తేడా తెలియకే చాలామంది, చివరికి కొన్ని పోలీసు స్టేషన్ల సిబ్బంది కూడా, ‘కోర్టు కుదరదంది కదా’ అని జంటలను ఇంటికి పంపేస్తుంటారు.

అసలు ప్రమాదం మొదలయ్యేది ఆ ఇంటికి పంపడంతోనే. పిల్ల ఇల్లు వదిలితే కన్నవాళ్ళు మిస్సింగ్ కేసు పెడతారు. పోలీసులు తీసుకొస్తారు. స్టేషన్లో బంధువులు, పెద్దమనుషులు చుట్టూ నిలబడగా ‘ఎవరితో వెళ్తావు?’ అని అడుగుతారు. ఫోను తండ్రి జేబులో ఉంటుంది, ఆధార్ కార్డూ టెన్త్ సర్టిఫికెట్టూ ఇంటి బీరువాలో ఉంటాయి. ఆ స్థితిలో వచ్చే జవాబును స్వేచ్ఛగా ఇచ్చిన వాంగ్మూలం అనగలమా? సుప్రీంకోర్టుకు ఈ సంగతి అర్థమైంది. 2024 మార్చిలో దేవు జి. నాయర్ కేసులో హైకోర్టులకు మార్గదర్శకాలు ఇచ్చింది. నిర్బంధంలో ఉన్న మనిషితో, ఇంట్లోవాళ్ళ ప్రభావం లేకుండా, జడ్జి స్వయంగా మాట్లాడాలి. కౌన్సెలింగ్ పేరుతో మనసు మార్చే ప్రయత్నం చేయకూడదు. రక్షణ అడిగితే ముందు రక్షణ ఇవ్వాలి, ప్రమాదం ఉందని రుజువు చేయమనకూడదు. ఈ తీర్పు సారమంతా ఒక్కటే: భయం లేని చోటు దొరికాకే మనిషి నోట నిజం వస్తుంది.

మన రాష్ట్రంలోనే దీనికి ఉదాహరణ ఉంది. విజయవాడలో కలిసి ఉంటున్న ఇద్దరు మేజర్ యువతుల్లో ఒకరిని నర్సీపట్నంలోని ఇంట్లో తండ్రి నిర్బంధించారని రెండో యువతి ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో హెబియస్ కార్పస్ (నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందు హాజరుపరచమనే) పిటిషన్ వేశారు. 2024 డిసెంబరులో డివిజన్ బెంచ్ నిర్బంధంలో ఉన్న యువతి మాట విని, మేజర్ కనుక ఇష్టమైన మనిషితో ఉండవచ్చని, తల్లిదండ్రులు జోక్యం చేసుకోవద్దని ఆదేశించింది. పిటిషన్ వేసింది రక్తసంబంధీకులు కాదు, తోడుగా ఉన్న మనిషి. హెబియస్ కార్పస్ స్నేహితులైనా వేయవచ్చు. ఇంకో సంగతి నాకు మరీ ముఖ్యమనిపిస్తుంది. తన దారిన వెళ్ళనిస్తే కన్నవాళ్ళపై పెట్టిన ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని ఆ యువతి కోర్టుకు చెప్పింది. ఇలాంటి తీర్పులు కుటుంబాలను కూలుస్తాయనేవాళ్ళు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. తలుపు తాళం తీస్తే చాలంది, ఆమె పగ పెంచుకోలేదు.

‘కన్నవాళ్ళకన్నా మేలు కోరేదెవరు?’ అంటారు. ప్రేమ ఉండదని ఎవరూ అనడం లేదు. కానీ ప్రేమ పేరుతో కొట్టినా గదిలో పెట్టి గొళ్ళెం వేసినా అది నేరమే. ట్రాన్స్‌జెండర్లను ఇంటి నుంచి గానీ ఊరి నుంచి గానీ బలవంతంగా వెళ్ళగొట్టడాన్ని, వారి హక్కుల కోసం 2019లో వచ్చిన చట్టం 18వ సెక్షన్లో నేరంగా పెట్టింది. శిక్ష ఆరు నెలల నుంచి రెండేళ్ళ జైలు, జరిమానా. ‘ఊరు’ అన్న మాట చట్టంలోనే ఉంది కనుక, రచ్చబండ దగ్గర వెలి నిర్ణయం చేసే పెద్దలూ ఈ సెక్షన్ కిందికి రావచ్చు. అదే చట్టం 12వ సెక్షన్ ట్రాన్స్‌జెండర్లకు కన్నవారింట్లో ఉండే హక్కునిచ్చింది. స్వలింగ ప్రేమికులకు ఇలాంటి ప్రత్యేక చట్టం లేదు, ఇది పెద్ద లోటు. అయినా ఇంట్లో హింస పడే ఏ ఆడపిల్లకైనా 2005 గృహహింస చట్టం వర్తిస్తుంది. ఆమె ఎవరిని ప్రేమిస్తోందన్న ప్రశ్న అందులో లేదు. 181కి ఫోన్ చేస్తే, సఖి వన్‌స్టాప్ సెంటర్లో తాత్కాలిక ఆశ్రయం అడగవచ్చు.

‘ఇవన్నీ పట్నాల పోకడలు, మన కోనసీమ పల్లెల్లో ఎక్కడివి?’ అన్నది ఇంకో అభ్యంతరం. 2011 జనాభా లెక్కల్లో ఆడ, మగ కాక ‘ఇతరులు’ అని నమోదైనవారు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది. దేశం మొత్తం మీద అలా నమోదైన వారిలో సగానికి పైగా పల్లెల్లోనే ఉన్నారు. చెప్పుకునే ధైర్యం లేనివాళ్ళు ఆ లెక్కలోకి రానే లేదు. పల్లెల్లో కనిపించడం లేదంటే లేరని కాదు, ఉండనివ్వలేదని. జాతీయ మానవ హక్కుల కమిషన్ కోసం ఢిల్లీ, ఉత్తరప్రదేశ్‌లలో చేసిన అధ్యయనంలో కన్నవారితో ఉంటున్న ట్రాన్స్‌జెండర్లు 2 శాతమే తేలారు. ఇల్లు పోతే చదువు పోతుంది, చిరునామా పోతుంది, చిరునామాతో పాటు రేషన్ కార్డూ పింఛనూ చిక్కుల్లో పడతాయి. ఎన్టీఆర్ భరోసా పింఛను కింద నెలకు 4,000 రూపాయలు రావాలన్నా ఒక సచివాలయం పరిధిలో నివాసం ఉండాలి కదా. రోడ్డు మీద చేయి చాపారని కసిరేవాళ్ళు ఆ రోడ్డు మీదికి వాళ్ళెలా వచ్చారో అడగాలి.

ఇది ప్రత్యేక హక్కులు కోరడమా అంటే, కాదు. వానకు తడవకుండా ఉండటం, పరీక్ష రాయడం, దెబ్బ తగిలితే ఫిర్యాదు ఇవ్వడం మిగతా అందరికీ అడక్కుండానే దొరుకుతున్నాయి. కాలేజీలో ఒకరి లైంగికత మీద, జెండర్ మీద వేధించడాన్ని యూజీసీ 2016 సవరణతో ర్యాగింగ్‌గానే చూస్తోంది. ప్రిన్సిపాల్ దాన్ని కుర్రాళ్ళ సరదాగా తీసిపారేయడానికి లేదు.

మీకు తెలిసిన వాళ్ళెవరైనా నిర్బంధంలో ఉంటే 112కు ఫోన్ చేయండి. ఫిర్యాదు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు అడగండి. సంఘటన వేరే స్టేషన్ పరిధిలో జరిగినా జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాల్సిందే. వకీలుకు డబ్బు లేకపోతే రాజమండ్రి, ఏలూరుల్లోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళండి, లేదా 15100కు ఫోన్ చేయండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, ఆదాయ పరిమితిలోపు ఉన్న ఎవరికైనా అక్కడ న్యాయసాయం ఉచితం. మేజర్ అయిన స్నేహితురాలు బెదిరింపులు తప్పించుకుని తనంతట తాను మీ ఇంటికి వస్తే చోటివ్వడం నేరం కాదు. ఆమె వయసు తెలిపే కాగితం నకలు, తన ఇష్టంతోనే వచ్చానని ఆమె స్వయంగా రాసిన ఉత్తరం దగ్గర పెట్టుకుని, ఆ సంగతి స్టేషన్‌కు మీరే ముందుగా తెలియజేయండి.