కట్టె, కొట్టె, తెచ్చె: సంగ్రహ విద్యను గూర్చి ఒక పాఠము

రామాయణమంతయు మూడు మాటలలో చెప్పుమనినచో తెలుగువాడు “కట్టె, కొట్టె, తెచ్చె” అనును. సముద్రముపై వారధి కట్టెను, రావణుని కొట్టెను, సీతను తెచ్చెను. ఇంతకంటె క్లుప్తముగా చెప్పుట ఎవరి తరము? కాని ఆ మాటలను మరియొకసారి పరికించినచో ఒక వింత కానవచ్చును. ఎవరు కట్టిరి? ఎవరిని కొట్టిరి? ఎవరిని తెచ్చిరి? అందు కర్త లేడు, కర్మ లేదు; క్రియలు మాత్రమే కలవు. కథను ముందే ఎరిగినవానికి ఆ మూడు మాటలు చాలును. ఎరుగనివానికి ఎవడో గోడ కట్టి, మేకు కొట్టి, నీళ్లు తెచ్చినట్లు వినబడును.

విస్తారమైన విషయమును కొలది మాటలలో ఇముడ్చుటను సంగ్రహము, సంక్షేపము అని అందురు. ఈ విద్య యెట్టిది, దాని మేలుకీడు లెట్టివి అను విషయమును ఈ పాఠమున విచారింతము. దక్షిణాఫ్రికాలోని మన తెలుగు బిడ్డలకు దీనితో గల పని పోను పోను తెలియగలదు.

1. నారదుని సంగ్రహము

వాల్మీకి రామాయణము 24,000 శ్లోకముల గ్రంథమని ప్రసిద్ధి. అందలి బాలకాండము మొదటి సర్గలో ఆ కథయంతయు నూరు శ్లోకములలో చెప్పబడినది. దీనిని సంక్షేప రామాయణమను పేర పారాయణము చేయుదురు. ఇంకను కుదించి ఒకే శ్లోకములో చెప్పిన ఏకశ్లోకి రామాయణము కూడ కలదు. అందు వనగమనము మొదలు రావణ కుంభకర్ణుల వధ వరకు తొమ్మిది ఘట్టములు వరుసగా పేర్కొనబడినవి. కాని లక్ష్మణుని పేరు లేదు. భరతుని పేరు లేదు. హనుమంతుని పేరు సహితము లేదు. రాముడు అడవికి ఏల పోయెనో అందు తెలియదు. నిత్యపారాయణమునకు అది మేలైనదే. కథ నేర్చుకొనుటకు మాత్రము చాలదు.

సంక్షేప రామాయణపు మార్గము వేరు. అది ప్రశ్నతో ఆరంభమగును. సకల సద్గుణములు గల మానవుడు ఈ కాలమున ఎవడైన కలడాయని వాల్మీకి నారదుని అడుగును. నారదుడు మొదట రాముని గుణములను వర్ణించి, పిమ్మట కథను చెప్పును. ప్రశ్న గుణములను గూర్చినది గనుక ఏది నిలుపవలెనో, ఏది విడువవలెనో ప్రశ్నయే నిర్ణయించెను. తండ్రి మాటను నిలుపుటకై రాముడు అడవికి పోయెనను కారణము అందు స్పష్టముగా కలదు. ఆ విన్నదాని నుండియే వాల్మీకి మహాకావ్యమును విస్తరించెను. సంగ్రహము విత్తనమైనది, కావ్యము వృక్షమైనది. విత్తనము చిన్నదైనను మొలకెత్తు శక్తి దానికి ఉండవలెను. మంచి సంగ్రహమునకు ఇదియే గురుతు.

2. అచ్చులు, హల్లులు

పాణిని వ్యాకరణము సుమారు 4,000 సూత్రముల గ్రంథము. సూత్రమునకు అక్షరములు తక్కువగా ఉండవలెను, సందేహమునకు తావుండరాదు, సారము నిండి యుండవలెను. ఇందులకు పాణిని వాడిన ఉపాయమొకటి మన పిల్లలకును తెలిసినదే. తెలిసినదని మాత్రము వారెరుగరు. సంస్కృత వర్ణములు 14 మాహేశ్వర సూత్రములలో ఒక వరుసగా అమర్చబడినవి. ఒక వర్ణమును, దాని తరువాత వచ్చు ఒక గురుతును కలిపి పలికినచో నడుమ నున్న వర్ణములన్నియు వచ్చినట్లే లెక్క. అకారము మొదలు ‘చ్’ అను గురుతు వరకు గల స్వరములన్నిటికి ‘అచ్’ అని పేరు. హకారము మొదలు చివరి ‘ల్’ వరకు గల వ్యంజనములన్నిటికి ‘హల్’ అని పేరు. మనము పలక మీద దిద్దిన అచ్చులు, హల్లులు ఈ పేర్లే.

ఇంత చిన్న మూటలో అన్ని వర్ణములు ఇమిడినను ఏ ఒక్కటియు పోలేదు. ఏలయన మూటను విప్పు విధము గురువునకును శిష్యునకును తెలియును. ఆ వరుసను మరచిననాడు ‘అచ్’ అనునది వట్టి ధ్వనియే.

3. ఓడ పట్టికలోని ఒక వరుస

ఇపుడు మన పూర్వుల సంగతికి వత్తము. 1860 నవంబరు 16న మద్రాసు నుండి ‘ట్రూరో’ అను ఓడ 342 మందితో డర్బన్ రేవునకు చేరెను. 1911 వరకు ఇట్లు నేటాలునకు వచ్చిన గిర్మిటు కూలీలు 1,52,184 మంది. ఓడ పట్టికలో ఒక్కొక్కరికి ఒక్కొక్క వరుస కేటాయించి సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, శరీరముపై గల గుర్తులు వ్రాసికొనిరి. విశాఖపట్టణము జిల్లా నుండి గాని, ఉత్తర ఆర్కాటు నుండి గాని బయలుదేరిన ఒక తెలుగువాని బ్రతుకంతయు ఆ ఒక్క వరుసలో ఇమిడినది.

అదియు ఒక సంగ్రహమే. దాని వెనుకను ఒక ప్రశ్న కలదు. ఈ కూలి ఎవడు, వీనిని మరల ఎట్లు గుర్తింతుము అనునదియే ఆ ప్రశ్న. ఆ ప్రశ్నకు పుట్టుమచ్చ కావలెను, పాట అక్కరలేదు. ఊరి పేరు కావలెను, ఊరేల విడిచెనో అక్కరలేదు. తల్లి పేరు ఆ వరుసలో కానరాదు. పట్టికను నిందించి లాభము లేదు. అడిగినదానికి అది జవాబిచ్చినది. దానినే వంశచరిత్ర యని తృప్తిపడుట మన పొరపాటు. ఐనను ఆ వరుసను చిన్నచూపు చూడరాదు. అందలి తండ్రి పేరు, గ్రామము పేరు విత్తనములే. వాటిని మొలకెత్తించు మాటలు ఇంటి పెద్దల నోట వెదకవలెను.

4. ఒకే చరిత్ర, రెండు సంగ్రహములు

ప్రశ్న మారినచో సంగ్రహము ఎట్లు మారునో చూతము. 1860లో చెరకు తోటల పనికై భారతీయులను రప్పించిరి. ఒప్పందము ముగిసిన పిమ్మట మరల ఒప్పందము చేసికొనక, భారతదేశమునకు మరలిపోక ఇచటనే యుండగోరినవారు ఏటేట 3 పౌన్లు చెల్లింపవలెనని 1895లో చట్టము చేసిరి. 1913లో బొగ్గు గనుల వారును, చెరకు తోటల వారును సమ్మె కట్టిరి. 1914లో ఆ పన్ను రద్దయ్యెను. 1931లో ఆంధ్ర మహాసభ స్థాపింపబడెను.

‘పాలకులు కోరినదేమి?’ అను ప్రశ్నకు దీని సంగ్రహము: పని కావలెను, పనివాడు ఇచట నిలువరాదు. ‘మనవారు చేసినదేమి?’ అను ప్రశ్నకు సంగ్రహము: వచ్చిరి, నిలిచిరి, భాషను నిలిపిరి. రెండును అవే సంవత్సరముల నుండి పుట్టినవి, రెండును సత్యములే. కాని 3 పౌన్ల పన్నును ఎరుగని బాలునకు ‘నిలిచిరి’ అను మాట బరువు ఎట్లు తెలియును?

5. సంగ్రహించువారు పాటింపవలసినవి

మొదటిది: ఏ ప్రశ్నకు జవాబుగా వ్రాయుచున్నామో ముందు నిశ్చయించుకొనవలెను.

రెండవది: ఎవరు, ఎవరిని, ఎందుకు అను మూడింటిని విడువరాదు. విశేషణములను, చెప్పినదే చెప్పుటను విడువవచ్చును.

మూడవది: మూలమున లేని మాటను చేర్చరాదు. కుదించువాని అభిప్రాయము మూలకర్త నోట పెట్టుట అపచారము.

నాల్గవది: వ్రాసినదానిని విషయమెరుగని వానికి వినిపించి, అతనిచేత మరల చెప్పింపవలెను. అతడు తడబడిన చోట మనము విడువరాని మాటను విడిచితిమని తెలిసికొనవలెను.

6. మన ఇంటి మూట

మన ఇండ్లలో తెలుగు వినబడుట తగ్గిన కొలది పండుగలు, పాటలు, బంధుత్వపు పిలుపులు “కట్టె, కొట్టె, తెచ్చె” వలె మిగులుచున్నవి. ఉగాది పచ్చడి నాలుకకు తెలియును. అందలి చేదు, పులుపు, తీపి ఏల కలిపిరో తెలియని పిల్లలు కలరు. కాగితములలో నాయుడు అను మాట ఒక్కటే నిలిచి, అసలు ఇంటిపేరు అవ్వతాతల నోట మాత్రమే మిగిలిన కుటుంబములు కలవు. మూట మన చేతిలో నున్నది; దానిని విప్పు విధము మాత్రము పెద్దలతో పోవుచున్నది.

కావున ఈ పాఠమునకు అభ్యాసముగా ప్రతి విద్యార్థియు ఒక పని చేయవలెను. అవ్వనుగాని తాతనుగాని సమీపించి, “మన ఇంటిపేరేమి? అది ఏ ఊరిది? ఆ ఊరు మనవారు ఏల విడిచిరి?” అని అడుగవలెను. వారు చెప్పినది చెప్పినట్లు పూర్తిగా వ్రాసికొనవలెను. పిమ్మట దానిని పది వాక్యములకు, తరువాత మూడు వాక్యములకు, తుదకు ఒక వాక్యమునకు కుదింపవలెను. ఆ ఒక్క వాక్యమును కంఠస్థము చేసి తమ్ములకు, చెల్లెండ్రకు నేర్పవలెను. పూర్తి వ్రాతను మాత్రము పారవేయక ఇంటి దేవుని పటముల చెంత భద్రపరుపవలెను. ఎన్నడో ఒకనాడు ఆ వాక్యమును నేర్చిన బిడ్డ “ఎవరు? ఎందుకు?” అని అడుగకపోడు. ఆనాడు విప్పి చూపుటకు ఆ వ్రాత ఇంట ఉండవలెను.