అవయవ మార్పిడి పొందినవారును కరోనా వ్యాధియును

మానవదేహమునకు తనదేదో పరాయిదేదో గుర్తెఱుగు శక్తి కలదు. కాలిలో ముల్లు విఱిగి నిలిచిపోయినప్పుడు ఆ చోటు ఎఱ్ఱబాఱి, వాచి, చీము పట్టుట మనమందఱము చూచినదే. రక్తములోని తెల్లకణములు ఆ పరాయి వస్తువును వెడలగొట్టుటకై చేయు పోరాటమే ఆ వాపు. ఈ శక్తి లేనియెడల చిన్న గాయముతోనే మనకు ప్రాణాపాయము కలుగును. అయితే ఒక్కొక్క సమయమున ఇదియే మనుష్యునకు అడ్డుతగులుచున్నది. మూత్రపిండములు చెడి మంచముపట్టిన కుమారునికి తల్లి తన మూత్రపిండమొకటి యిచ్చినను, ఆ తల్లి ప్రేమను తెల్లకణము లెఱుగవు. వాటికి అదియును ముల్లువంటిదే.

ఈ చిక్కు ఎట్లు తీఱెనో ముందు కొంచెము తెలిసికొందము. కరోనా సంగతి దానినుండియే బోధపడును. 1954వ సంవత్సరము డిసెంబరు 23వ తేదీన అమెరికాలోని బోస్టను పట్టణమున డాక్టరు జోసెఫ్ మరే ఒక యువకుని మూత్రపిండమును అతని కవల సోదరునకు అమర్చి జయము పొందెను. ఆ సోదరులు అచ్చముగా ఒకే పోలిక గల కవలలగుటచే రోగి దేహము క్రొత్త మూత్రపిండమును పరాయిదిగా నెంచలేదు. కాని అట్టి కవల తోబుట్టువు ఎందఱికుందురు? తక్కినవారికొఱకు దేహపు కావలిని తగ్గించు ఔషధములను వెదకవలసి వచ్చెను. వానిలో మిక్కిలి పేరుపొందిన రెండును మట్టినుండియే లభించుట వింత. సైక్లోస్పోరిన్ అనునది నార్వే దేశపు మట్టిలో దొరికిన బూజునుండియు, టాక్రోలిమస్ అనునది 1984లో జపానులోని త్సుకుబా ప్రాంతపు మట్టియందలి సూక్ష్మజీవినుండియు తీయబడినవి. మన దేశమున 1971లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో మూత్రపిండ మార్పిడి విజయవంతముగా జరిగెను. మెదడు పూర్తిగా నశించినదని వైద్యులు నిర్ధారించినవారి అవయవములను రోగులకు చేర్చు జీవన్‌దాన్ అను ప్రభుత్వపు ఏర్పాటు తెలుగునాట 2013 నుండి నడచుచున్నది. కావున పరుల మూత్రపిండముతోనో కాలేయముతోనో బ్రదుకుచున్నవారు నేడు మన యూళ్లలోను ఉన్నారు. మా చదువరులలో కొందఱి బంధువులును అట్టివారై యుండవచ్చును.

ఇట్టివారు ఆ ఔషధములను ప్రతిదినము నియమిత వేళలందు, అమర్చిన అవయవము పనిచేయునంతకాలము సేవింపవలెను. మానినచో దేహము ఆ అవయవమును తిరస్కరించును. మానకున్నచో కావలి మందగించియే యుండును. కఱచు కుక్కను గొలుసుతో కట్టివేసిన యింటికి చుట్టము నిర్భయముగా వచ్చును. దొంగయు అట్లే వచ్చును. క్షయ మొదలగు అంటువ్యాధులు వీరికి తక్కినవారికంటె నెక్కువ అపాయకరములని వైద్యులు చాలకాలముగా నెఱుగుదురు.

2019 డిసెంబరులో చైనాలోని వుహాను నగరమున బయలుపడిన కరోనా వైరసు కొలది నెలలలో భూగోళమంతయు వ్యాపింపగా, 2020 మార్చి 11వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని విశ్వవ్యాప్తమైన మహమ్మారిగా ప్రకటించెను. ఆ వసంతకాలమున న్యూయార్కులోని ఒక ఆస్పత్రి వైద్యులు మూత్రపిండ మార్పిడి పొంది ఈ వ్యాధికి లోనైన 36 మందిని గుఱించి వ్రాసిరి. వారిలో 10 మంది మూడు వారములలోనే మరణించిరి. పిమ్మట 50కి పైబడిన వైద్యకేంద్రములు కలిసి 482 మంది వృత్తాంతమును సేకరించెను. వారిలో ఆస్పత్రిలో చేరవలసివచ్చినవారు 376 మంది. వారియందు సుమారు ఐదుగురికొకరు 28 దినములలో చనిపోయిరి. ఈ అంకెలు టీకాలు రాకపూర్వపువి యని చదువరులు జ్ఞప్తియందుంచుకొనవలెను. మఱియొక విశేషము. ఆ మరణములకు వయోవృద్ధత్వము, హృద్రోగము, ఊపిరితిత్తుల పాతజబ్బు, స్థూలకాయము అనువానితో ఎక్కువ సంబంధము కనబడెనే గాని, ఔషధముల మోతాదుతో అంతగా కనబడలేదు. కావలి తగ్గుటయే సర్వ కారణమనుకొన్నవారికి ఇది కొంత ఆశ్చర్యము కలిగించినది.

దీని రహస్యము వ్యాధి నడకలో నున్నది. మొదటి దినములలో వైరసు తానే పెంపొందును. అప్పుడు దేహపు కావలి బలముగా నుండవలెను. రెండవ వారమున, వ్యాధి ముదిరినవారిలో, కావలి తానే మితిమీఱి ఊపిరితిత్తులను పాడుచేయును. అందుచేతనే ప్రాణవాయువు పెట్టవలసివచ్చిన రోగులకు డెక్సామెథసోన్ అను చౌకయైన మందు ప్రాణరక్షకమగునని 2020 జూనులో ఇంగ్లండు వైద్యులు చూపగలిగిరి. అది కావలిని అణచు మందే! మార్పిడి పొందినవాడు మొదటి ఘట్టమున నష్టపడును. వైరసు వాని దేహమును తొందరగా విడువదు. కొందఱిలో వారములు, నెలలు కూడ నిలిచియుండును. వైద్యుని చేతిలోనిది అప్పుడు త్రాసువంటిది. మందులు తగ్గించినచో అవయవము పోవును. తగ్గింపనిచో వైరసు పెరుగును. సాధారణముగా మైకోఫెనొలేట్ అను మందును ముందు ఆపి, తక్కినవానిని జాగ్రత్తగా కొనసాగింతురు. ఈ తూనిక రోగి తనంతట తాను చేయదగినది కాదు.

ఇక టీకాల సంగతి. మన దేశమున 2021 జనవరి 16వ తేదీన టీకాలు వేయుట ప్రారంభమయ్యెను. వానిలో కోవాగ్జిన్ అనునది హైదరాబాదునందే తయారైనది. టీకా యనగా కావలివానికి దొంగ పోలికను ముందుగా చూపించుట. గొలుసుతో కట్టబడిన కావలి ఆ పాఠమును సరిగా నేర్చునా? అమెరికాలోని బాల్టిమోరు నగరపు జాన్స్ హాప్కిన్స్ విద్యాలయమువారు దీనిని పరీక్షించిరి. ఒక సూది పొందిన 436 మందిలో నూటికి 17గురి రక్తమందే ప్రతిరక్షకములు కనబడెను. రెండు సూదులు పొందిన 658 మందిలో నూటికి 54గురికి కనబడెను. ఆరోగ్యవంతులలోనైతే రెండు సూదుల పిమ్మట అవి దాదాపు అందఱికిని కలుగును. ఫ్రాన్సులోని తులూజు పట్టణమున 101 మందికి మూడవ సూదియు వేసి చూచిరి. రెండవదాని పిమ్మట నూటికి 40గా నున్నది మూడవదాని పిమ్మట 68 అయ్యెను. ఈ ఫలితములు చూచియే 2021 ఆగస్టులో అమెరికా ప్రభుత్వము ఇట్టివారికి మూడవ సూదిని అనుమతించెను. నూటికి నూఱు కాలేదని నిరాశపడుట మాకు సమ్మతము గాదు. ఏమియు పలుకని దేహము మూడవమాఱు పలికినది గదా! అయినను మిగిలిన ముప్పది యిద్దఱును ఎవరి నీడలో నుండవలెను? వారితో నొకే యింట నివసించువారి నీడలోనే. ఇంటివారందఱును టీకాలు పొందవలెనని వైద్యులు పట్టుబట్టుట అందులకే.

మందుల విషయమున ఒక చిత్రమైన చిక్కు కలదు. కరోనాకు పాక్స్‌లోవిడ్ అను మాత్రలు వచ్చినవి. వానిలో రిటోనవిర్ అను భాగము కాలేయము చేయు ఒక పనిని ఆపును; అసలు మందు త్వరగా కరగిపోకుండుటకే దానిని చేర్చిరి. కాని టాక్రోలిమస్‌ను కరగించుటయు కాలేయపు ఆ పనియే. అది నిలిచినచో టాక్రోలిమస్ రక్తములో ఎన్నో రెట్లు పేరుకొని, ఏ మూత్రపిండమును కాపాడవలెనో దానినే చెఱచును. పంపర పనస జాతి పండ్లకును ఈ గుణము కొంత యుండుటచే మార్పిడి పొందినవారిని వానిని తినవద్దందురు. కాబట్టి ఈ మాత్రలు వాడవలసినచో టాక్రోలిమస్‌ను కొన్ని దినములు ఆపి, రక్తపరీక్షలు చేయుచు మరల మొదలుపెట్టవలెను. నరములోనికి ఎక్కించు రెమ్డెసివిర్‌కు ఈ చిక్కు లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5వ తేదీన అత్యవసర పరిస్థితి ముగిసినదని ప్రకటించెను. వైరసు మాత్రము పోలేదు. టీకాలవలనను, మునుపు సోకియుండుటవలనను నేడు మార్పిడి పొందినవారిలో మరణములు 2020 నాటికంటె చాల తగ్గినవి. అయినను తక్కినవారితో పోల్చినచో అపాయ మింకను ఎక్కువే. బడినుండి దగ్గుతో వచ్చిన బాలుడు మూత్రపిండ మార్పిడి పొందిన తాతగారి ప్రక్కన పరుండక, కొన్ని దినములు వేఱు గదిలో నుండుట, ముక్కును నోటిని కప్పుకొనుట, కిటికీలు తెఱచియుంచుట కష్టమైన పనులు గావు. తాతగారికే జ్వరమో దగ్గో తోచినచో ఆ దినముననే పరీక్ష చేయించి, మార్పిడి చేసిన వైద్యునకు తెలియజేయవలెను. అంగడి మాత్ర ఏదియు ఆయన నడుగక మ్రింగరాదు. పైని చెప్పిన మాత్రలను వ్యాధి లక్షణములు తోచిన ఐదు దినములలోగా మొదలుపెట్టవలెను. మామూలు జలుబే యని రెండు దినములు ఊరకున్నచో మిగులునవి మూడే.