ముందు మొదటి శాంపిల్ చూడు

చి. మాధవికి,

నీ ఉత్తరం అందింది. కుందేళ్లకు ఒకే మోతాదును బోలస్‌గానూ (ఒక్కసారిగా), 2 గంటల ఇన్ఫ్యూజన్‌గానూ ఇస్తే ఇన్ఫ్యూజన్‌లో ఏయూసీ (గాఢత-కాల గ్రాఫు కింది వైశాల్యం) ఎక్కువ వచ్చిందన్నావు. మెల్లగా ఎక్కిస్తే మందు ఒంటికి ఎక్కువ అందుతుందని థీసిస్‌లో రాయవచ్చా అని అడిగావు. తొందరపడకమ్మా.

నేరుగా చెవి సిరలోకే ఇచ్చావు కాబట్టి రెండు పద్ధతుల్లోనూ మందంతా రక్తంలో చేరుతుంది. క్లియరెన్స్ (ఒళ్లు మందును తొలగించే వేగం) మారనంతవరకు, మోతాదును క్లియరెన్స్‌తో భాగిస్తే వచ్చేదే ఏయూసీ. ఎంతసేపు ఎక్కించామన్నది ఆ లెక్కలోకి రానే రాదు. మనిషి లెక్కే తీసుకో: మోతాదు 100 మి.గ్రా., క్లియరెన్స్ గంటకు 5 లీటర్లు, మందు పరుచుకునే పరిమాణం 20 లీటర్లు. బోలస్‌కు మొదట్లో లీటరుకు 5 మి.గ్రా. ఉంటుంది. 2 గంటల ఇన్ఫ్యూజన్ ఆగేసరికి సుమారు 3.9. ఏయూసీ మాత్రం రెండింటికీ 20.

నీకు తేడా శాంపిళ్ల దగ్గరే వచ్చి ఉంటుందని నా అనుమానం. పై ఉదాహరణలో బోలస్ ఇచ్చిన గంటకు మొదటి శాంపిల్ తీసి, లెక్క అక్కడి నుంచే మొదలుపెడితే 20లో 4.4 పోయినట్టే. గ్రాఫును వెనక్కి, సున్నా సమయం దాకా పొడిగించాలి. తొలి నిమిషాల్లోనే రక్తం తీస్తే ఇంకా మేలు. మందు ఎక్కించిన చెవి నుంచి మాత్రం తీయకు. ఎమ్మార్టీ (మందు ఒంట్లో సగటున ఉండే కాలం) పోల్చేటప్పుడు ఇన్ఫ్యూజన్ వ్యవధిలో సగం, అంటే 1 గంట, తీసేయి.

క్లియరెన్స్ నిజంగానే ఎక్కించే వేగాన్ని బట్టి మారే మందులూ ఉన్నాయి. క్యాన్సర్‌కు వాడే 5-ఫ్లోరోయురాసిల్‌ను బోలస్‌గా ఇస్తే దాన్ని విరగ్గొట్టే డీపీడీ ఎంజైమ్ తట్టుకోలేదు, క్లియరెన్స్ పడిపోతుంది. బోలస్‌లో తెల్లరక్తకణాలు ఎక్కువగా పడిపోతాయి, ఇన్ఫ్యూజన్‌లో అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి మండడం ఎక్కువ. కానీ గమనించు, అలాంటి మందుకు ఏయూసీ పెరిగేది బోలస్‌లో. నీకు వచ్చింది దానికి తలకిందులు.

ఏయూసీలు సమానమని తేలితే ప్రాజెక్టు వృథా అయిందనుకోకు. పిపరాసిల్లిన్‌ను అరగంటకు బదులు 4 గంటలు ఎక్కించేది ఏయూసీ పెంచడానికి కాదు, సూక్ష్మజీవిని ఆపే గాఢత పైన మందు ఎక్కువసేపు నిలవడానికి. నీ మందుకు శిఖరం ముఖ్యమా, నిలిచే కాలం ముఖ్యమా అన్నది చర్చలో రాయి.

ముందు సున్నా నుంచి ఏయూసీ మళ్లీ కట్టి నాకు పంపు. అంతవరకు, మెల్లగా ఎక్కిస్తే మందు ఎక్కువ అందుతుందన్న ఆ వాక్యం థీసిస్‌లో పెట్టకు.

మీ అక్క