తుపాను రాకముందే తీగ కట్టండి

తెనాలి.

అమ్మలూ,

బాపట్లలో, రేపల్లెలో ఉన్న మీ స్నేహితులంతా కలిసి హామ్ రేడియో క్లబ్బు పెట్టబోతున్నారని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. మీ పెదనాన్నకు ఎంత సంతోషమైందో! అయితే ముందుగా ఖరీదైన సెట్లకే చందాలు పోగుచేస్తున్నారట. అందుకే ఈ నాలుగు ముక్కలు.

2004 డిసెంబరులో పోర్ట్‌బ్లెయిర్‌లో ఏం జరిగిందో చూడు. అండమాన్‌లో 1987 తర్వాత హామ్ రేడియో వినపడనే లేదు. మళ్లీ అనుమతి తెచ్చుకుని, మన హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందం అక్కడికి వెళ్లింది. నాయకురాలు భారతీ ప్రసాద్. వీయూ4ఆర్‌బీఐ అనే కాల్‌సైన్‌తో ఆవిడ రాత్రనక పగలనక దేశదేశాల హామ్‌లతో మాట్లాడారు. అరుదైన దీవి నుంచి వచ్చే పిలుపంటే హామ్‌లు ఎక్కడున్నా చెవులు రిక్కించుకుని కూర్చుంటారు మరి.

డిసెంబరు 26 పొద్దున్నే భూమి కంపించింది. వెనకే సునామీ. ఫోన్లు మూగబోయాయి. సరదాకి కట్టిన ఆ ఏంటెన్నాలే దీవుల మాటను ఒడ్డుకు చేర్చాయి. అయినవాళ్లు బతికున్నారో లేదో తెలియక అల్లాడుతున్న కుటుంబాలకు కబురందింది. తర్వాత కార్‌నికోబార్‌కూ సెట్టు వెళ్లింది. సునామీ వచ్చేనాటికే మూడు వారాలుగా తీగ కట్టి ఉంది, చెయ్యి అలవాటు పడి ఉంది, ఏ వేళకు ఏ బ్యాండు పలుకుతుందో వాళ్లకు తెలుసు, అవతల వినేవాళ్లున్నారు. కష్టం వచ్చాక పెట్టె విప్పి ఉంటే ఇదంతా అయ్యే పని కాదు.

మనకు దీవుల కోసం అంతదూరం పోనక్కర్లేదు. రేపల్లె దగ్గర కృష్ణ దాటితే దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెనలో వేలమంది పోయారు. ఇప్పుడు పెనుమూడి-పులిగడ్డ వారధి ఉంది, చేతిలో సెల్లు ఉంది, నిజమే. కానీ అక్కడి ఈలచెట్లదిబ్బ దీవికి ఇంకా పడవెక్కే వెళ్లాలి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. కరెంటు పోయి బ్యాటరీలు అయిపోతే సెల్ టవరు ఉన్నా లేనట్టే.

ముందు అందరూ హామ్ లైసెన్సు పరీక్ష రాయండి. 12 ఏళ్లు నిండితే చాలు, రెస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ అక్కర్లేదు. లైసెన్సు చేతికి రాకుండా మైకు నొక్కొద్దు, అది నేరం.

చేతిలో పట్టే వీహెచ్‌ఎఫ్ సెట్టు ఊళ్లో మాటలకు సరిపోతుంది గాని, తెనాలి, బాపట్ల, రేపల్లె, మన ఈ మూడు ఊళ్లనూ కలపలేదు. పగటిపూట 7 మెగాహెర్ట్జ్ బ్యాండు మీద మామూలు డైపోల్ చాలు. 20 మీటర్ల రాగితీగను నడిమికి తెంపి, అక్కడ కేబుల్ కలిపి, రెండు కొబ్బరిచెట్ల మధ్య కట్టడమే. మరీ ఎత్తున వద్దు. తక్కువ ఎత్తులో ఉంటేనే తరంగాలు నిటారుగా పైకిపోయి చుట్టుపక్కల జిల్లాల్లో దిగుతాయి. గాలికి చెట్లు ఊగుతాయి కాబట్టి తాడు బిగదీయకు. ఒక కొసను కప్పీ మీదుగా తెచ్చి బరువు వేలాడదీయి. కేబుల్ అతికినచోట టేపు గట్టిగా చుట్టకపోతే ఉప్పుగాలికి రాగి పచ్చబడి పాడైపోతుంది.

వారానికోసారి, ఒకే వేళకు, మూడు ఊళ్లవాళ్లూ సెట్ల ముందు కూర్చోవాలి. బాగున్నారా, భోజనాలయ్యాయా అనుకుని లేచిపోవద్దు. ఒకరు సందేశం చదవాలి: ఏ ఊరు, ఎంతమంది, ఏం కావాలి. అవతలివాళ్లు రాసుకుని, పొల్లుపోకుండా తిరిగి చదవాలి. అంకెలు విడివిడిగా పలకండి. గరగరలో ఆరు కాస్తా నూరుగా వినపడితే బియ్యం బస్తాల లెక్కే మారిపోతుంది.

చందా డబ్బులో సగం 12 వోల్టుల బ్యాటరీకి, సోలార్ ప్యానెల్‌కు తీసిపెట్టండి. తహశీల్దారు గారిని తుపాను రోజున కాదు, ఈ నెలలోనే వెళ్లి కలవండి. తీగ, కేబుల్ ఇక్కడ మన ఇంట్లోనే ఉన్నాయి, వచ్చి పట్టుకెళ్లు.

మీ పెదనాన్న